ఎదురుకోలు పాటల నవనీత

ఆత్మకూరు చుట్టుపక్కల పెళ్లిళ్లలో నవనీత గొంతు విననివాళ్లు తక్కువ. ఆమె పేరు తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమె రాకేష్ నడిపే ఆర్కెస్ట్రాలో వెనక వరుసలో నిలబడి పాడేది. భర్త లింగస్వామితో పొలం పనులు చేసుకుంటూ, రాకేష్ కబురు పెట్టినప్పుడు పోయేది.

ఒక పెళ్లిలో ఎవరో పెద్దామె రాకేష్‌తో, "గా పచ్చచీర ఆమె మంచిగ పాడింది. మా బిడ్డ పెండ్లికి గామెనే తోలుకరా" అంది. తీరా ఆ పెళ్లికి అతను నవనీతను కాదని ఇంకొకరిని తీసుకుపోయాడు.

సంగతి తెలిసి లింగస్వామి కోపం చేశాడు. నవనీత మాత్రం, "చీర యాదికుంటే ఏం ఫాయిదా? పేరు తెల్వకుంటే ఎట్ల పిలుస్తరు?" అంది.

తర్వాతి పెళ్లిలో పాట అయిపోగానే మైకు వదలకుండా, "నేను నవనీత, మాది ఆత్మకూరు" అని చెప్పింది. రాకేష్‌కు అది నచ్చలేదు. పిలవడం మానేశాడు.

ఆమె దిగులు పడలేదు. లింగస్వామి చేత ఫోనులో వీడియో తీయించింది. పొలం గట్టు మీద గాలి హోరుకు పాట వినపడలేదు. ఇంట్లో తలుపులేసుకుని మళ్లీ పాడింది. పాటంతా కాదు, ఒక్క చరణం, చివర ఫోను నంబరు. దాన్ని ఫొటోలు తీసేవాళ్లకూ, వంట మేస్త్రీలకూ, పందిళ్లు వేసేవాళ్లకూ పంపింది. పెళ్లి కబురు ముందు తెలిసేది వాళ్లకే కదా.

మొదటి పిలుపు నందికొండ నుంచి వచ్చింది. పెళ్లికూతురి తండ్రి బాలకృష్ణ, "డీజే ఉన్నదమ్మా. ఎదురుకోలప్పుడు రెండు పాటలు పాడు, సాలు" అన్నాడు.

డప్పు కొట్టే మల్లేష్‌ను వెంటబెట్టుకుని పొద్దున్నే చేరింది. ఇంట్లో ఒక మూలన పెళ్లికూతురి నాయనమ్మ సోమమ్మ ముడుచుకుని కూర్చుంది. నవనీత పోయి పక్కన కూర్చుంది.

"అవ్వా, మీ కాలంల పెండ్లికొడుకును ఎట్ల ఎక్కిరిచ్చేటోళ్లు? జర చెప్పు."

"డీజే పెట్టిన్రు గద బిడ్డా, నాతోని ఏం పని?" అంది సోమమ్మ. అన్నదే గాని, కాసేపటికి సన్నగా రాగం తీసింది.

మగపెళ్లివారు దిగగానే నవనీత అదే రాగం అందుకుంది. బస్సులో నిద్రపోయిన మేనమామనూ, అద్దం వదలని పెళ్లికొడుకునూ పాటలోకి లాగింది. నవ్వులు లేచాయి. నడుమ మైకు సోమమ్మ నోటి దగ్గర పెట్టింది. ముసలి గొంతు వణికింది గాని రాగం తప్పలేదు. పెళ్లికొడుకు మేనత్త ఊరుకోకుండా జవాబు పాట ఎత్తుకుంది. రెండు పాటలన్నది భోజనాల దాకా సాగింది. డీజే పెట్టమని ఎవరూ అడగలేదు. పోయేముందు ఆ మేనత్తే నవనీత నంబరు తీసుకుంది.

ఆ ఏడాదే రాకేష్ ఫోను చేశాడు. "అక్కా, మల్ల కలిసి చేద్దం."

"వస్త రాకేషూ. గని బ్యానరు మీద నా పేరుండాలె. నా కోసం అడిగినోళ్లకు నా నంబరే ఇయ్యాలె."

అతను సరేనన్నాడు.

మొన్న మాఘమాసంలో ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు వచ్చాయి. నల్లగొండలో పెద్ద ఫంక్షన్ హాలుకు, తన దగ్గర పాట నేర్చుకున్న శ్రీవాణిని పంపింది నవనీత. అమ్రాబాద్ వాళ్లు ముందుగా అడిగారని, తాను మాత్రం అక్కడ ఇంటి ముందు పందిట్లో జరిగే చిన్న పెళ్లికి బయల్దేరింది.