వయా తార్నాక యూటర్న్

తెల్లవారుజామున నాలుగున్నరకు మనిషిని నిద్ర లేపడం పాపమని నా నమ్మకం. ఆ పాపాన్ని మా రాహేలక్క మార్చి నుంచి ఆగస్టు దాకా వారానికి నాలుగు రోజులు మూటగట్టుకుంది. తలుపు తట్టేది కాదు. నా కిటికీ ఊచ మీద రూపాయి బిళ్ళతో టకటకమని రెండు దెబ్బలు కొట్టేది. ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సులో కండక్టరు. కడ్డీ మీద బిళ్ళతో కొట్టి జనాన్ని లోపలికి జరిపిన చెయ్యి అది. నేను వినపడనట్టు ముసుగు తన్నితే మూడో దెబ్బ పడేది. మూడో దెబ్బకు ఎంత మొండి ప్రయాణికుడైనా జరగాల్సిందే.

సీతాఫల్‌మండిలో ఒకే మేడ మీద మావి పక్కపక్క వాటాలు. ఒక దాంట్లో రాహేలక్క, ఆమె భర్త బాలస్వామి ఉంటారు. ఇంకో దాంట్లో నేనుంటాను. పేరు సుప్రజ. ఉస్మానియాలో భూగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఎన్నేళ్ళ నుంచి అని అడగకపోతే మీతో నాకు స్నేహం కుదురుతుంది. రాహేలక్కకు నలభై ఆరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. చిల్లర లేదని ఎవరైనా అంటే ఆమె చూసే చూపుకు జేబులోంచి చిల్లర దానంతటదే బయటికొస్తుంది.

అంతా ఫిబ్రవరిలో మొదలైంది. సాయంత్రం ట్రిప్పులో నలుగురు విద్యార్థులు ఎక్కి, మారథాన్ గురించి గొప్పలు చెప్పుకుంటున్నారట. ఒకడు నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తుతానన్నాడు. టికెట్ కొడుతున్న రాహేలక్క, నలభై రెండంటే మా బండి ఒక రౌండే కదా, దానికింత కథేంది అంది. బస్సులో కాదు ఆంటీ, కాళ్ళ మీద అని వాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు, ఆ నవ్వును బస్సంతా అందుకుంది. రాహేలక్కకు చర్రుమంది. సరే, నేను కూడ ఉరుకుత, చూడుండ్రి అనేసింది. మర్నాటి నుంచి ఆ రూట్లో ఎక్కిన ప్రతివాడూ, అక్కా ప్రాక్టీస్ ఎంత దాకా వచ్చింది అని అడగడమే.

రోషంతో అన్న మాట వారానికల్లా చల్లారుతుందని నేను అనుకున్నాను. ఒకరోజు డాబా మీద మిరపకాయలు ఎత్తుతూ ఆమె ఇంకో మాట చెప్పింది. అది విన్నాక నేను నోరు మూసుకుని, ఆగస్టులో జరిగే మారథాన్‌కు నా ఫోన్లోనే ఆమె పేరు నమోదు చేశాను.

"బస్సు ఎక్కినోళ్ళంత ఎవల స్టాపుల వాళ్ళు దిగిపోతరు సుప్రజా. నేనొక్కదాన్నే ఎక్కిన కాడ్నే దిగుత. దినాం గదే రౌండు, దినాం డిపో. ఒక్కసారన్న గా నలభై రెండు నా కాళ్ళతోని పొయ్యి, నేను పోవాల్సిన కాడ నేను దిగాలె."

అలా నేను ఆమె కోచ్‌నయ్యాను. కోచ్ అంటే, ఆమె కాళ్ళ మీద, నేను వెనక స్కూటీ మీద. స్కూటీ ముందు బుట్టలో ఉప్పు నిమ్మకాయ నీళ్ళ సీసాలు. వరంగల్‌లో మా అమ్మ సంగతి విని, ఆమెకు కాదు, నీకు బుద్ధి రావాలని దీవించింది.

శిక్షణ ప్రణాళిక కోసం నేను నాలుగైదు కాగితాలు ముద్రించి తెచ్చాను. రాహేలక్క వాటిని వడియాల కింద పరిచింది. దూరం ఆమెకు కిలోమీటర్లలో తెలియదు, స్టేజీల్లో తెలుసు. బస్సు చార్జీ మారే చోటు స్టేజీ. ఒక్కో స్టేజీ రెండు కిలోమీటర్లని ఉద్యోగంలో చేరిన రోజున నేర్పారు, అది ఆమె మనసులో అచ్చు పడిపోయింది. ఆర్ట్స్ కాలేజీ నుంచి తార్నాక ఒక స్టేజీ. తార్నాక నుంచి లాలాపేట ఒక స్టేజీ. పోయి వస్తే నాలుగు స్టేజీలు, అంటే ఎనిమిది కిలోమీటర్లు. లెక్క అంత సులువు. నా స్కూటీ మీటరు రెండేళ్ళ క్రితమే ఒక చోట ఆగి విశ్రాంతి తీసుకుంటోంది. ఫోన్లో కొలవొచ్చు కదా అంటారు. ఇరవై రెండేళ్ళు ఆ రోడ్డును నిలబడి చూసిన మనిషికి దూరం చెప్పే ధైర్యం నాకెక్కడిది?

పరుగు మొదలుపెట్టే ముందు గొంతులోనే 'రైట్ రైట్' అనుకునేది. డ్రైవరూ ఆమే, కండక్టరూ ఆమే. పంజాబీ డ్రెస్సు, చున్నీ నడుముకు బిగించి, కొత్త బూట్లు. ఆర్ట్స్ కాలేజీ ముందు నడకకొచ్చే పెద్దమనుషులు మొదట నవ్వారు. తర్వాత సలహాలు మొదలుపెట్టారు. అరటిపండు తినమని ఒకరు, తిని పరుగెత్తితే చచ్చిపోతారని ఇంకొకరు. ఆమె అందరికీ తల ఊపి, తను తాగే జొన్న అంబలి తను తాగేది. లైబ్రరీ దగ్గర చెట్ల కింద తెల్లారకుండానే గ్రూప్స్‌కు చదివే పిల్లలు పుస్తకాలు ఎత్తి ఊపేవాళ్ళు. ఇంజనీరింగ్ కాలేజీ వైపు నెమళ్ళు రోడ్డు దాటుతుంటే ఆగి, "జల్ది జల్ది, బండి లేటయితున్నది" అని వాటిని కూడా తోలేది. పొద్దున్నే అంత సంతోషంగా ఉండే మనుషులంటే నాకు పడదు. కానీ ఆ ఎండాకాలం ఎందుకో నేను కూడా నవ్వుతూ తిరిగాను.

ఏప్రిల్ వచ్చేసరికి ఆరింటికే ఒళ్ళు పేలిపోయేది. అప్పుడు బాలస్వామి అక్కరకొచ్చాడు. ఆయన యూనివర్సిటీ తోటపనిలో ఉన్నాడు. పొద్దున్నే ట్యాంకరుతో తిరుగుతూ రోడ్డు మధ్య మొక్కలకు నీళ్ళు పడతాడు. మాటలు తక్కువ మనిషి. భార్య ఎదురొస్తుంటే పైపు ఆమె వైపు తిప్పి తల నుంచి కాళ్ళ దాకా తడిపేసేవాడు. ఇదేంటన్నా అంటే, "మొక్కలకు పోస్తె పెరుగుతున్నయి గద, ఈమెకు పోస్తె గూడ ఏమన్న అయితదేమో" అన్నాడు. ఆమె నీళ్ళు విదిలించుకుంటూ, చిన్నపిల్లలా కేకేస్తూ పోయేది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆమెను ఎన్నడూ అంతగా నవ్వించలేదని చెప్పలేను, నాకు వాళ్ళు తెలిసింది నాలుగేళ్ళే.

ఇక తార్నాక జంక్షన్ సంగతి. లాలాపేట వెళ్ళాలంటే ఆ పెద్ద రోడ్డు అడ్డంగా దాటాలి. ఎన్నో ఏళ్ళుగా దాన్ని మూసేసి, బండ్లన్నీ పక్కకు పోయి యూటర్న్ కొట్టి రావాలని పెట్టారు. అది బండ్లకు. నడిచేవాళ్ళు డివైడర్ సందులోంచి టక్కున దాటేస్తారు. రాహేలక్క అలా దాటదు. స్కూటీతో నేనూ, చెమటలు కక్కుతూ ఆమె, ఇద్దరం యూటర్న్ దాకా పోయి వచ్చేవాళ్ళం. మొదటి వారమే నేను, నీకేం ఖర్మ అక్కా, సందులోంచి దాటు, నేను తిరిగొస్తా అన్నాను. ఆమె నన్ను టికెట్ లేని ప్రయాణికురాలిని చూసినట్టు చూసింది.

"బస్సు డివైడర్ దుంకుతదా?"

తిరిగి వచ్చేవాళ్ళం.

మే నెల మధ్యలో ఒక మంగళవారం, ఆమె వారం సెలవు రోజు, మూడు రౌండ్లు పెట్టుకుంది. పన్నెండు స్టేజీలు, ఇరవై నాలుగు కిలోమీటర్లు. ఆ రోజు నన్ను నాలుగింటికే లేపి, నాలుగున్నరకు పరుగు మొదలుపెడితే ముగిసేసరికి తొమ్మిదిన్నర. ఎండ నెత్తిన కూర్చుంది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూలబడి, ఎంత పట్టిందని అడిగింది. ఐదు గంటలన్నాను. అక్కడితో ఆగితే పోయేది. చదువుకున్నదాన్ని కదా, లెక్క కట్టాను. ఇరవై నాలుగుకు ఐదు గంటలైతే, నలభై రెండుకు దాదాపు తొమ్మిది గంటలు. మారథాన్ వాళ్ళిచ్చే గడువు ఏడు గంటలు. ఆ తర్వాత ముగింపు గీత దగ్గర ఎవరూ ఉండరు, పేరు కూడా రాసుకోరు.

ఆమె బూట్లు విప్పి, లేసులు ఒకదానితో ఒకటి ముడేసి, స్కూటీ హ్యాండిల్‌కు తగిలించింది. ఇంటి దాకా నా వెనక కూర్చుని వచ్చింది.

ఆ తర్వాత రెండు వారాలు కిటికీ మీద బిళ్ళ మోగలేదు. బస్సులో అడిగిన వాళ్ళకు మోకాలు నొప్పని చెప్పిందట. అబద్ధం. నేను మాత్రం నాలుగున్నరకు ఠంచనుగా మెలకువొచ్చి, చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకునేదాన్ని. ఆ లెక్క కట్టిన నోటిని ఏం చేయాలో తోచలేదు. హాయిగా పడుకోవే అని నాకు నేనే చెప్పుకున్నాను, కుదరలేదు. బాలస్వామి ట్యాంకరు తీసుకుని ఒక్కడే వెళ్ళేవాడు. మొక్కలకు మాత్రమే నీళ్ళు పట్టేవాడు.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం, కునుకు పట్టిన వేళకు, ఊచ మీద బిళ్ళ మోగింది. రెండు కాదు, పది దెబ్బలు. తలుపు తీస్తే రాహేలక్క ఖాకీ కోటులోనే ఉంది, భుజాన సంచీతో. డ్యూటీ దిగి అలాగే వచ్చేసింది. తార్నాక జంక్షన్‌ను ప్రయోగం కోసమని తెరిచారట. ఆ రోజు ఆమె బండి యూటర్న్ కొట్టకుండా సూటిగా దాటింది. జనమంతా సంబరపడుతుంటే ఆమె మాత్రం చేతిలో టికెట్ మిషన్ చూస్తూ నిలబడిపోయింది.

"రోడ్డు తగ్గింది సుప్రజా. స్టేజీ తగ్గలే. అంటె గా యూటర్న్ మా చార్జీల చార్టుల ఎన్నడూ లేకుండె. బస్సు తిరిగింది, నేను ఉరికిన, ఎవ్వలం లెక్క వెయ్యలే. నువ్వు భూగోళం చదువుతున్నవు గద, అది ఎంత దూరముంటదో చెప్పు."

భూగోళం చదువుతున్న నేను సిగ్గుతో ఫోను తీశాను. రెండు నిమిషాల పని. పోయి రావడానికి ఒక కిలోమీటరు రెండు వందల మీటర్లు. ఒక రౌండుకు రెండుసార్లు, మూడు రౌండ్లకు ఆరుసార్లు. ఆ మంగళవారం ఆమె పరుగెత్తింది ఇరవై నాలుగు కాదు, ముప్పై ఒకటి పైచిలుకు. అదీ మే నెల ఎండలో. ఈసారి లెక్క నేను కాగితం మీద, మూడుసార్లు కట్టాను. నలభై రెండుకు ఆరు గంటల నలభై నాలుగు నిమిషాలు వచ్చింది.

ఆమె కాగితం చూసింది, నన్ను చూసింది. మెట్ల మీదే కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. నేను ఆమెను కావలించుకున్నాను. సాయంత్రం బాలస్వామి ముంజలు కట్టించుకొచ్చాడు. సంగతంతా విని, "అయితె రేపు నీళ్ళు ఎక్కువ తెస్త" అన్నాడు.

మర్నాడు తార్నాకలో బండ్లన్నీ సూటిగా దాటుతుంటే రాహేలక్క మాత్రం పాత యూటర్న్ దాకా పోయి వచ్చింది. ఇప్పుడు అదీ లెక్కలోకి వస్తుందని ఆమె సంతోషం.

ఆగస్టు ఆఖరి ఆదివారం ఉదయం ఐదింటికి మారథాన్ మొదలైంది. నా స్కూటీని ఆ రోడ్ల మీదికి రానివ్వలేదు. ముప్పై ఎనిమిదో కిలోమీటరు దాటాక ఒక డివైడర్ దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి పరుగు ఆరు వందల మీటర్లు ముందుకు పోయి, యూటర్న్ తీసుకుని అవతలి వైపు తిరిగి రావాలి. డివైడర్‌లో సందు ఉంది. కాపలా ఎవరూ లేరు. అలసిపోయిన వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ సందులోంచి అవతలికి దాటేస్తున్నారు.

రాహేలక్క వచ్చేసరికి ఆరు గంటల పద్దెనిమిది నిమిషాలు అయింది. ముఖం నల్లబడింది, చున్నీ ఎక్కడో పోయింది, ఎడమ కాలు కాస్త ఈడుస్తోంది. గడియారం చూశాను, సందు చూశాను. నాకు నీతి నియమాలు గుర్తు రాలేదు. ఆ మేడ మీది మిరపకాయలు గుర్తొచ్చాయి, ఆమె దిగాల్సిన చోటు గుర్తొచ్చింది. అక్కా, ఇటు దాటు, ఎవరూ చూడట్లేదు అని అరిచాను.

ఆమె ఆగలేదు. నా వైపు తల తిప్పింది. అంత నీరసంలోనూ నవ్వింది.

"బస్సు దుంకుతదా సుప్రజా?"

యూటర్న్ వైపు సాగిపోయింది. నేను స్కూటీ తీసి, అడ్డమైన సందులన్నీ తిరిగి, ముగింపు గీత దగ్గరికి చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు. బాలస్వామి రెండు లీటర్ల నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పందిరి ఊడదీసే వాళ్ళు అప్పటికే ఒక పక్క తాళ్ళు విప్పుతున్నారు. పెద్ద గడియారంలో ఆరు గంటల యాభై నాలుగు. యాభై ఐదు. యాభై ఆరు పడ్డాక మలుపులో ఒక పొట్టి మనిషి కనబడింది.

ఆమె వేగం పెంచలేదు, తగ్గించలేదు. ఆ ఎండాకాలమంతా తార్నాకలో ఎలా వచ్చిందో అలాగే వచ్చింది. గీత దాటి, టైము నమోదు చేసే చాప మీద ఆగింది. గడియారంలో ఇంకా రెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి. బాలస్వామి సీసా పైకెత్తి, ఒలకబోయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

రాహేలక్క మా ఇద్దరినీ చూసింది. బస్సు ఆపేటప్పుడు డ్రైవరుకు చెప్పే మాట తనకు తానే చెప్పుకుంది, 'హోల్డాన్' అని. ఇరవై రెండేళ్ళు అందరికీ చెప్పినట్టే, ఎడమ కాలు ముందు పెట్టి, దిగింది.