తోటికోడలు తాగేసిన నీళ్లు

2022 చివర్లో, కాఫీ పళ్లు ఎర్రబడి కోతలు మొదలైన రోజులవి. అప్పటికి నేను ముంచింగిపుట్టు అవతల, ఒడిశా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక గది, ఒక మైక్రోస్కోపు, రక్తంలో చక్కెర చూసే చిన్న ఎనలైజరు, రంగు మరకలు వదలని సింకు. పొద్దున పూట పొగమంచు కిటికీలోంచి లోపలికే వచ్చేసేది. స్లైడు ఆరాలంటే బల్బు కింద పెట్టి కూర్చోవాల్సిందే.

నేను చదివింది ఇంటరు, ఆపైన ల్యాబ్ డిప్లొమా. రక్తం గురించి నాకు తెలిసిన మిగతాదంతా పాడేరు గ్రంథాలయంలో సంపాదించుకున్నది. రిటైరైన డాక్టరెవరో ఇచ్చిపోయిన పాథాలజీ పుస్తకాలు అక్కడ కింది అరలో ఉండేవి. సెలవు దొరికితే జీపెక్కి వెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. ఆ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లిన పాఠకుణ్ణి నేనొక్కణ్ణేనని గ్రంథపాలకుడు నలుగురిలో చెబితే నాకు కడుపు నిండిపోయేది.

అలాంటి నాకు ఆ ఏడాది కిరణ్ అనే కుర్రాడు నిద్ర లేకుండా చేశాడు. పాడేరు ఆసుపత్రికి కొత్తగా వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్. పెద్ద కాలేజీలో చదివాడు. వానాకాలం చివర మా దగ్గర షుగరు శిబిరం పెట్టినప్పుడు ఒక బల్లమీది యంత్రాన్ని అట్టపెట్టెలోంచి పసిబిడ్డను తీసినట్టు తీశాడు. చుక్క రక్తం పెడితే కాసేపటికి రంగుల కాగితం బయటికొచ్చేది. బాగుంటే పచ్చ గీత, బాగోలేకపోతే ఎర్ర గీత. సంతకొచ్చిన జనమంతా అతని బల్ల చుట్టూ మూగారు. పదిహేనేళ్లుగా నా చేత రక్తం తీయించుకున్నవాళ్లు కూడా నేను రాసిచ్చే చీటీని మడిచి రొంటిన దోపుకొని, అతని కాగితం మాత్రం నలగకుండా పట్టుకెళ్లారు. మా డాక్టరమ్మ సైతం, "ఎంత నీట్‌గా ఉందో చూడండి" అంది నాతో. చూశాను. చూసినకొద్దీ ఒళ్లు మండింది.

ఆ యంత్రం చేసే పరీక్ష పేరు హెచ్‌బీఏవన్‌సీ. ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కి రక్తంలోని చక్కెర అంటుకుంటుంది. ఎర్రకణం సుమారు నాలుగు నెలలు బతుకుతుంది గనక, దానికి ఎంత చక్కెర అంటిందో కొలిస్తే గత రెండు మూడు నెలల సంగతి తెలుస్తుంది. వేలి చివర గుచ్చి చూసే షుగరు ఆ క్షణం మాటే చెబుతుంది. అయిదు పాయింట్ ఏడు లోపుంటే బాగున్నట్టు, ఆరున్నర దాటితే షుగరు జబ్బున్నట్టు.

కోతల కాలంలో ఒక సంత రోజు బుదరి నా గదిలోకి దూసుకొచ్చింది. నలభై అయిదు దాటిన మనిషి, కాఫీ, చోళ్లు (మైదానంలో రాగులంటారు) పండించే ఇల్లు. ఆమె తోటికోడలు సుక్రి బయట బల్లమీద కూర్చుని ఉంది. కాఫీ మోడు గుచ్చుకుని సుక్రి మడమకు గాయమైంది. ఎన్ని కట్లు కట్టినా మానక వారం వారం వస్తోంది. గాయం అంచులు నల్లబడుతున్నాయని, ఇలాగే ఉంటే విశాఖ పంపాల్సి వస్తుందని, అక్కడ కాలు ఎంతవరకు మిగులుస్తారో చెప్పలేనని డాక్టరమ్మ అంతకు ముందు వారమే నాతో అంది. షుగరేమోనని అనుమానం ఆమెకూ వచ్చింది. కానీ సుక్రి శిబిరం కాగితం తీసి చూపించింది. అయిదు పాయింట్ ఒకటి. పచ్చ గీత. షుగరు మాట అక్కడితో ఆగిపోయింది.

బుదరి తన కాగితం నా బల్లమీద పడేసింది. ఎనిమిది పాయింట్ రెండు. ఎర్ర గీత.

"ఏటి బాబూ, ఆ మిసను మనిసిని సూసి రాత్తాదేటి?"

"మిషనుకి మనుషులు తెలీదమ్మా."

"తెలీకపోతే ఇదేటి మరి? నానూ అదీ ఒక్క కుండలో అంబలి తాగుతాం. ఒక్క కొండ ఎక్కుతాం. నాకేటో ఎనిమిదంట, దానికేటో అయిదంట! నర్సమ్మ నన్ను బెల్లం తినొద్దంటాది, జీలుగు కల్లు ముట్టొద్దంటాది. దానికి మాత్తరం నువ్వు బాగున్నావే సుక్రీ అంటాది. ఆ కాయితం కవరులో ఎట్టి దూలానికి కట్టుకుందది. వచ్చినోల్లకల్లా సూపుతాది."

"నీ రక్తం నీది, ఆమె రక్తం ఆమెది."

"ఆ మిసను నాకొద్దు. నువ్వు నీ సేత్తో సెయ్యి. నీ సీటీయే నాకు నమ్మకం."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తేనెలా తగిలింది. ఆమెకు సుక్రి కాగితం మీద ఎంత కడుపుమంటో, నాకు కిరణ్ యంత్రం మీద అంత. ఇద్దరం ఒకే కడుపుమంటతో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె వేలు గుచ్చాను. నూట తొంభై. యంత్రం చెప్పినదానికీ దీనికీ పొంతన కుదిరింది. నాకూ నిరాశే, ఆమెకూ నిరాశే.

బుదరి లేవలేదు. "నాకు సుగరుంటే దానికీ ఉండాల. కొండకి ఎల్లినప్పుడు ఎవులి బుర్ర ఆలు నీల్లు మోసుకెల్తాం" అంది. బుర్ర అంటే ఎండిన సొరకాయ తొలిచి చేసిన నీళ్ల పాత్ర. "నా బుర్ర మద్దేనం దాకా వత్తాది. అది ఎండెక్కకుండానే తన బుర్ర కాలీ సేసేత్తాది. ఆనక నా బుర్ర మీద పడతాది. నాను మోసుకెల్లిన నీల్లు అది తాగేత్తాది, నాను నోరెండి సావాల. నిరుడు కోతలనించీ ఇదే తంతు. అడిగితే, 'దాహమేత్తంది అప్పా, ఏటి సెయ్యమన్నావు' అంటాది. మంచి రిపోట్టున్న మనిసికి అంత దాహమేటి బాబూ? నువ్వు సదువుకున్నోడివి, నువ్వు సెప్పు."

సూది పక్కన పెట్టేశాను. ఒంట్లో చక్కెర ఎక్కువైతే మూత్రంలో పోతుంది, పోతూ నీళ్లనూ లాక్కుపోతుంది, అందుకే దాహం. ఇది ఏ పుస్తకంలోనైనా మొదటి పేజీలో ఉండే సంగతి. నిరుడు కోతలంటే శిబిరానికి చాలా ముందు.

"రాత్రుళ్లు లేస్తుందా?"

"నేవడమా? తలుపు కిర్రుమంటే అదే. ఇంటోల్లెవులికీ నిద్దర్నేదు."

సుక్రిని లోపలికి పిలిచాను. కుంటుతూ వచ్చి, "అప్ప ఏటి సెప్పింది బాబూ? నామీద సాడీలేనా?" అంది నవ్వుతూ. వేలు గుచ్చాను. మూడు వందల పన్నెండు. నమ్మలేక చెయ్యి కడిగించి మళ్లీ గుచ్చాను. తర్వాత సూదితో రక్తం తీసి ఎనలైజరులో పెట్టాను. తేడా లేదు.

"సెప్పానా!" అని బుదరి చప్పట్లు కొట్టింది. సంతలో పందెం గెలిచినవాళ్లు కూడా అంత సంబరపడరు.

డాక్టరమ్మ ఆ అంకెలు చూసి కుర్చీ ముందుకు జరుపుకుంది. "పొద్దున్న పరగడుపున మళ్లీ చూడండి. ఒక ట్యూబు పాడేరు పంపండి, ఏవన్‌సీ మళ్లీ చేయిద్దాం" అంది. పరగడుపున రెండు వందలు దాటింది. ట్యూబు జీపు డ్రైవరు చేతికిచ్చి పంపాను. నిజంగానే హుషారుగా ఉన్నాను. నా మనసంతా కిరణ్ యంత్రం తప్పు చెప్పిందన్న సంతోషమే.

సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. "సార్, మళ్లీ అయిదు పాయింట్ మూడే వచ్చింది."

"మీ మిషనుకి రిపేరుందేమో చూసుకోండి" అన్నాను, ఎంత మర్యాదగా అనగలనో అంత మర్యాదగా.

"కంట్రోలు వేసి చూశాను సార్, మిషను బాగానే ఉంది." కంట్రోలు అంటే విలువ ముందే తెలిసిన నమూనా. యంత్రం దాన్ని సరిగ్గా చదివితే పనితీరు సరిగా ఉన్నట్టు. "ఆవిడ హిమోగ్లోబిన్ ఎంత సార్?"

"ఎనిమిది చిల్లర. మలేరియా చూశాను, లేదు. ఐరన్ తక్కువైతే ఏవన్‌సీ పెరుగుతుందిగానీ తగ్గదు. నేను చదివాను."

"కరెక్టే సార్. మరి సిక్లింగ్ చూశారా?"

సిక్లింగ్ అంటే సికిల్ సెల్ ఉందేమో చూసే పరీక్ష.

సికిల్ సెల్ మా కొండల్లో కొత్త మాట కాదు. కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త దోషం. ఆక్సిజన్ తగ్గితే ఎర్రకణం గుండ్రంగా ఉండక కొడవలిలా వంగిపోతుంది. ఆ కణాలు నాలుగు నెలలు బతకవు, కొద్ది వారాల్లోనే చితికిపోతాయి. కణం తొందరగా చచ్చిపోతే దానికి చక్కెర అంటుకునే వ్యవధి ఎక్కడిది? ఎంత చక్కెరలో మునిగినా ఏవన్‌సీ తక్కువే చూపిస్తుంది. యంత్రం ఉన్నది ఉన్నట్టే చెప్పింది. మామూలు ఆయుష్షున్న ఎర్రకణాల్ని చూసి గీసిన పచ్చ గీతను మేం ఈ మనిషి రక్తానికి అంటగట్టాం.

ఇదంతా నేను చదివిందే. కింది అరలోని ఆ లావుపాటి పుస్తకంలో ఈ వాక్యం ఏ పేజీలో ఎడమవైపుందో కూడా చెప్పగలను. కానీ సిక్లింగ్ పరీక్ష మేం బడి పిల్లలకీ, పెళ్లికి ముందు వాళ్లకీ, గర్భిణులకీ చేస్తాం. నలభై దాటి, కొండెక్కి కాఫీ కోసే మనిషిలో చూడాలని నాకు తట్టలేదు. అతనికి తట్టింది. చదివినవాణ్ణి నేను, అడిగినవాడు అతను. ఆ ఉక్రోషం నాకు ఈ రోజుకీ పోలేదు, పోవాలని ప్రయత్నమూ చేయలేదు.

మర్నాడు సుక్రి రక్తపు చుక్కలో మెటాబైసల్ఫైట్ అనే మందు కలిపి, పైన పల్చటి గాజుబిళ్ల మూసి, అంచులు సీలు చేశాను. ఆ మందు చుక్కలోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. కాసేపు ఆగి మైక్రోస్కోపులో చూశాను. కోతకు దింపిన కొడవళ్లన్నీ ఒక్కచోట కుప్ప పోసినట్టున్నాయి. ఇది జబ్బా, లేక జబ్బు పడకుండా దోషాన్ని మోయడం మాత్రమేనా అన్నది ఈ పరీక్షతో తేలదు. ఎలక్ట్రోఫోరెసిస్ కావాలి, అంటే హిమోగ్లోబిన్ రకాల్ని విద్యుత్తుతో విడదీసి చూసే పరీక్ష. రక్తం మళ్లీ పాడేరు వెళ్లింది. జబ్బేనని తేలింది. కొందరిలో ఇది నెమ్మదిగా ఉండి పెద్ద వయసు దాకా పట్టుబడదు.

డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. సుక్రికి షుగరుంది. సికిల్ కూడా ఉంది. గాయం మానకపోవడానికి రెండూ కారణమే. ఆ మంచి రిపోర్టు ఆమె రక్తం చితికిపోతుండడం వల్ల వచ్చిన మంచి.

బుదరి ముఖంలో గెలుపు ఇంకా ఉంది. "సిన్నప్పట్నించీ వొల్లు నొప్పులుండేవా?" అని డాక్టరమ్మ సుక్రిని వాళ్ల యాసలోనే అడిగింది.

"కీల్లు పీకేసేవమ్మా. సలికాలం మరీను. లెగనేకపోయేదాన్ని" అంది సుక్రి.

"అది..." అని బుదరి ఏదో అనబోయి ఆగింది. కోడలిగా వచ్చిన నాటి నుంచి సుక్రి నొప్పులని పడుకుంటే, పని ఎగ్గొట్టడానికేనని ఊరంతా చాటింది బుదరేనట. ఇది సుక్రే తర్వాత నాకు చెప్పింది. ఆ రోజు మాత్రం బుదరి తల వంచుకుని, తోటికోడలి మడమ కట్టు వైపు చాలాసేపు చూసింది.

"కాలు ఉంటాదా అమ్మా?" అని అడిగింది చివరికి.

"షుగరు దిగితే ఉంటుంది. నువ్వు చూసుకుంటావా?"

"నాను సూడకపోతే ఎవులు సూత్తారు? ఇన్నాల్లూ సూసింది నానే కదా" అంది బుదరి విసురుగా.

సుక్రికి ఇన్సులిన్ మొదలుపెట్టాం. తడిగుడ్డ చుట్టిన కుండలో మందు దాచుకునే పద్ధతి నేర్పాం. షుగరు అదుపు చూడడానికి ఏవన్‌సీ పనికిరాదు గనక వారం వారం వేలు గుచ్చి చూసేవాణ్ణి. అప్పటి నుంచి నా పద్ధతి కూడా మారింది. ఏవన్‌సీ కాగితం ఎవరు తెచ్చినా, అంకె చూసే ముందు హిమోగ్లోబిన్ చూస్తాను, స్మియర్ అంటే రక్తం పూసిన స్లైడు చూస్తాను, అదే రోజు చక్కెరతో పోలుస్తాను. కొండ మనిషైతే వయసు ఎంతైనా సిక్లింగ్ అడుగుతాను. మైదానంలో తేలిగ్గా నమ్మే అంకెను ఇక్కడ ఎవరి రక్తమని అడక్కుండా నమ్మను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటే చెవి మూసుకోను. తోటికోడలు ఎన్నిసార్లు నీళ్లు తాగిందో లెక్క పెట్టినంత శ్రద్ధగా రోగిని నేనెన్నడూ చూడలేదు.

వేసవి ముందర గాయం చుట్టూ లేత గులాబీ చర్మం వచ్చింది. ఆ వారం బుదరి మళ్లీ నా గదికొచ్చింది. చేతిలో సొరకాయ బుర్ర. ముఖం గంటు పెట్టుకునే ఉంది.

"దానికేటో సూదులు, కుండలో మందు. నర్సమ్మ ఇంటికొచ్చి మరీ సూత్తాది. నాకు ఉత్త మాత్తర్లేనా?"

"నీకు మాత్రలతోనే తగ్గుతోంది. అదృష్టవంతురాలివి."

"ఏటి అదురుట్టం?" అంటూ బుర్ర నా బల్లమీద ఎత్తిపెట్టింది. లోపల నీళ్లు కదిలిన చప్పుడైంది. "ఇప్పుడు అది నా నీల్లు ముట్టట్లేదు. పొద్దున నింపిన బుర్ర పొద్దోయినా సగం అలాగే ఉంటంది. కొండకి మోసుకెల్లడం, మల్లీ మోసుకు రావడం. వొట్టి బరువు బాబూ."

కిరణ్ యంత్రం నుంచి అలాంటి రిపోర్టు ఎన్నటికీ రాదు. ఆ సాయంత్రం అతనికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. అతను, "సార్, ఆవిడ మీ దగ్గరికే ఎందుకొస్తుంది? మా దగ్గరికొచ్చి ఎవరూ ఇవన్నీ చెప్పరు" అన్నాడు. ఆ గొంతులో ఉన్నదేమిటో నేను ఇట్టే గుర్తుపట్టాను.