ఎల్లారెడ్డి జట్టుకు నేను రాసిన అప్పీలు

ఆ రోజుల్లో మనిషికి నోరొక్కటుంటే చాలనుకునేదాన్ని. కాళ్ళు, చేతులు, కండలు ఇవన్నీ నోరు లేనివాళ్ళకు దేవుడిచ్చిన ఊరడింపులని నా గట్టి నమ్మకం. కామారెడ్డి డిగ్రీ కాలేజీలో బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాను. వక్తృత్వపు పోటీల్లో గెలిచిన స్టీలు గ్లాసులు ఇంట్లో ఎంత పేరుకున్నాయంటే, చుట్టాలెవరొచ్చినా మా అమ్మ మంచినీళ్ళు నా గెలుపుల్లోనే ఇచ్చేది. (ఓటములకు గ్లాసులివ్వరు కాబట్టి అవి ఎవరికీ కనిపించేవి కావు.) అలాంటి నేను ఒక ఫుట్‌బాల్ జట్టును, అదీ రెండో డివిజను అడుగున కొట్టుకుంటున్న జట్టును, నోటితో గట్టెక్కించబోయి ఏం చేశానో చెబుతాను. జాలిపడే పాఠకులు ఆ జాలి జట్టు మీద చూపండి, నా మీద వద్దు.

జట్టు దర్జీ చాచాది. ఎల్లారెడ్డి బస్టాండు పక్కన ఆయన కుట్టు దుకాణం. పడుచుతనంలో హైదరాబాదు వెళ్ళి పెద్ద జట్టులో ఆడాడట. మోకాలు విరగ్గానే తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చున్నాడు. అప్పటినుంచి ఊళ్ళో కాళ్ళున్న ప్రతి కుర్రాడినీ కొలతలు తీసుకునే వంకన పరీక్ష చేసేవాడు. "పిక్కలు మంచిగున్నయ్ బేటా, సాయంత్రం గ్రౌండుకు రా" అంటే ఇక వాడు ఆటగాడే. ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్ళిన మా అన్న అలాగే కెప్టెనై తిరిగొచ్చాడు, ప్యాంటు మాత్రం రాలేదు. జీతాలు కూడా ఉండేవి కాబట్టి మాది ప్రొఫెషనల్ జట్టేనని అన్న వాదించేవాడు. గెలిస్తే చాచా ఇంట్లో ఖీమా, రోటీ. ఓడితే హోటల్లో సింగిల్ చాయ్. ఆ సీజనులో మా వాళ్ళు తాగిన చాయ్‌తో పోచారం చెరువు అలుగు పారేది.

లీగులో మా డివిజనుకు ఆరు జట్లు. ఒక్కో జట్టు పది ఆటలాడాలి. ఆఖరున నిలిచిన జట్టు పేరు కొట్టేస్తారు. మూడో డివిజనంటూ లేదు, జారితే నేల మీదే. చాచాకు బెంగంతా అదే. "పేరు పోతే పోరలు రారు బేటీ. పదేండ్ల సంది ఒక్కొక్కణ్ణి తెచ్చి కుట్టుకుంటొచ్చిన. ఒక్క దారం తెగితే అంత ఊడిపోతది" అనేవాడు, నోట్లో సూది పెట్టుకునే.

ఇందులోకి నేనెలా వచ్చానంటే, లీగు ఆఫీసు కామారెడ్డిలో ఒక సైకిలు దుకాణం పైన ఉండేది. ప్రతి ఆట తర్వాత జట్టు తరఫున అక్కడ ఒక కాగితం ఇవ్వాలి. రోజూ బస్సులో కామారెడ్డి వెళ్ళేది నేను, చేతిరాత బాగున్నదీ నేనే. "ఆడపిల్లకు ఫుట్‌బాలేంది?" అని మా బాపు కోప్పడతాడనుకున్నాం. ఆయన పేపరు మడిచి, "పోనియ్యిరా. దాని నోరు ఇంట్లుంటే మనకే కష్టం, బయట ఎవనికన్న పనికొస్తదేమో" అన్నాడు. ఆ విధంగా నేను జట్టుకు రాతకోతల సెక్రటరీనయ్యాను.

ఇక ఆటల సంగతి. మొదటిది ఐదు గోల్స్ తేడాతో పోయింది, రెండోది ఏడుతో. మూడోది వాన పడి ఆగిపోతే సమానమని రాశారు. మా వాళ్ళు గెలిచినంత సంబరపడి వానలో గంతులేసి, నలుగురు జ్వరంతో పడుకున్నారు. నాలుగోది ఆ జ్వరంతోనే ఓడారు. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి డోంగ్లి జట్టు చివరి ఆటకు ముందు దాకా గెలిచింది ఒకే ఒక్క ఆట, అది మా మీదే. ఓడిన ప్రతిసారీ అన్న ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. "ఎంతరా?" అని అమ్మ అడిగితే వేళ్ళు చూపించేవాడు. ఒక్కోసారి రెండో చెయ్యి కూడా తియ్యాల్సి వచ్చేది.

మొత్తం జట్టులో ఆట తెలిసినవాడు ఒక్కడే, గోలు కాసే మా గోలీ. నాగిరెడ్డిపేట రైతుబిడ్డ. పోచారం కింద వరినాట్లు వేసి, కాళ్ళకు బురద ఆరకముందే బస్సెక్కి వచ్చేవాడు. పారల్లాంటి చేతులు. అతన్ని అందరూ 'కట్ట' అనేవారు, చెరువుకట్టలా అడ్డం నిలబడతాడని. ఏడు గోల్స్‌తో ఓడిన ఆటలో అతను లేకుంటే పదిహేడయ్యేవి. బడి మొహం చూడలేదు గాని, బంతి ఏ కాలినుంచి ఎటొస్తుందో ముందే తెలిసిపోయేది. నన్ను "చెల్లె" అనేవాడు. నేను ఏం రాస్తున్నా దూరంగా నిలబడి, పొయ్యి మీద పాలు చూసినట్టు శ్రద్ధగా చూసేవాడు.

ఎనిమిదో ఆట కామారెడ్డి జట్టుతో. నాలుగు సున్నా. అందులో మూడు కొట్టింది జులపాల జుట్టు కుర్రాడొకడు, దోమకొండవాడు. ఆ సోమవారం బస్సులో లీగు నియమాల పుస్తకం తిరగేస్తుంటే ఒక వాక్యం దగ్గర నా ఒళ్ళు ఝల్లుమంది. 'తాలూకా జట్టులో ఆ తాలూకా నివాసులు మాత్రమే ఆడవలెను.' అప్పటికి తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త. దోమకొండ ఒకప్పుడు కామారెడ్డి తాలూకాయే, ఇప్పుడు దాని మండలం దానిదే. అంటే ఆ జులపాలవాడు పరాయి మండలంవాడు! క్లాసులో చరిత్ర పాఠం జరుగుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని చరిత్ర రాశాను. ఆరు పేజీలు. కార్బన్ పెట్టి మరీ.

లీగు సెక్రటరీ రిటైరైన గుమాస్తా. బల్ల మీద నాలుగు రకాల ముద్రలు పెట్టుకుని కూర్చునేవాడు కాబట్టి మేం ముద్రల సాబ్ అనేవాళ్ళం. ఆరు పేజీలూ చదివి, కళ్ళజోడు తీసి తుడిచాడు.

"మంచిగ రాసినవమ్మా. దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఒక్క రోజు ఆలోచించుకో. ముద్ర రేపు కొడుత."

"ఆలోచించెటందుకు ఏమున్నది సార్? తాలూకానే లేనప్పుడు తాలూకా మనిషి యాడికెల్లి వస్తడు?"

"మీ చాచానన్న ఒకసారి అడుగు."

"చాచాకు నియమాలు తెల్వయి సార్. నాకు తెలుసు."

ఆయన ముద్ర అందుకున్నాడు. (ఇప్పుడనిపిస్తుంది, ఆ పెద్దమనిషి నన్ను ఆపడానికి రెండుసార్లు చెయ్యి అడ్డం పెట్టాడని. నేను రెండుసార్లూ దాటేశాను. జట్టులో ఎవరికీ చేతకాని పని.)

తీర్పు మాకే వచ్చింది. ఆట మేం గెలిచినట్టు రాసి రెండు పాయింట్లిచ్చారు. ఆ సాయంత్రం చాచా ఇంట్లో ఖీమా ఉడికింది, సీజనులో మొదటిసారి. కట్ట పళ్ళెం ముందు కూర్చుని, "గోల్ మేం తిన్నం, గెలుపు చెల్లె తెచ్చింది. ఇగ రేపటి సంది మనం పొలం పోదాం, చెల్లెనే ఆడనియ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, నిజమేననుకున్నాను. చాచా మాత్రం రోటీ తుంచి పట్టుకుని, "కాగితం మీద గెలిస్తే ఆకలి తీరినట్లు లేదు బేటీ" అన్నాడు. ముసలివాడి చాదస్తమనుకున్నాను.

తొమ్మిదోది కూడా ఓడాం. లెక్క తేలిగ్గానే ఉంది. మాకు మూడు పాయింట్లు, డోంగ్లికి రెండు. మిగిలిన ఒక్క ఆట వాళ్ళతోనే, అదీ మా ఊళ్ళో. సమానం చేసుకుంటే చాలు, జట్టు బతుకుతుంది. కట్ట గోల్లో ఉంటే డోంగ్లి వాళ్ళు మూడు రోజులాడినా కొట్టలేరు.

శుక్రవారం ముద్రల సాబ్ నా చేతికి ఒక కవరు ఇచ్చాడు, చాచాకిమ్మని. ఎల్లారెడ్డి దాకా ఒళ్ళో పెట్టుకుని నేనే తెచ్చాను. చాచాకు ఉర్దూ తప్ప చదవడం రాదు, కాబట్టి నేనే చదివి వినిపించాను. 'ఇటీవలి అప్పీలు తీర్పు ననుసరించి, ఇకపై తాలూకా అన్నచోట మండలమని చదువుకొనవలెను. ఇది అన్ని జట్లకును వర్తించును. సీజను ముగియువరకు కొత్త పేర్లు చేర్చరాదు.' భాష బాగుందనుకుంటూ చివరిదాకా గట్టిగా చదివాను. చదివాక చూస్తే మిషన్ ఆగిపోయి ఉంది. చాచా నల్లగుడ్డ పరిచి, సుద్దతో పదకొండు గీతలు గీశాడు. "కట్టది నాగిరెడ్డిపేట" అని ఒక గీత చెరిపాడు. "ఆ ఇద్దరిది లింగంపేట" అని ఇంకో రెండు చెరిపాడు. మొన్నటిదాకా అవన్నీ ఎల్లారెడ్డి తాలూకాలోవే. మిగిలిన ఎనిమిది గీతల్నీ వేలితో తడుముతూ, "ఎనిమిది" అన్నాడు. తిట్టలేదు. తిడితే ఎదురు వాదించి ఉండేదాన్ని.

మర్నాడు క్లాసులెగ్గొట్టి సైకిలు దుకాణం పైకి పరుగెత్తాను. "మండలాలు కాగితం మీదనే సార్, మనుషులు పాత తాలూకా మనుషులే. అదే సంత, అదే బస్సు, అదే దవాఖాన. గీత గీస్తే మనిషి మారిపోతడా?" అని గంటసేపు వాదించాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాదించలేదు. ముద్రల సాబ్ అంతా విని, ఫైలు తెరిచి, ఒక కాగితం నావైపు తిప్పి జరిపాడు. నా ఆరు పేజీల్లో నాలుగోది. 'మనిషి ఎక్కడివాడన్నది ప్రభుత్వ దస్త్రము చెప్పవలెను గాని, సంతలు, బస్సులు చెప్పవు.' గీత కూడా నేనే కొట్టుకున్నాను, కింద, స్కేలుతో.

"గిప్పుడు చెప్పమ్మా, నేను ఎవరి మాట వినాలె? ఈమెదా, నీదా?"

మెట్లు దిగాను.

ఆదివారం ఆట. డోంగ్లి వాళ్ళు పదకొండు మందీ ఒకే ఊరు, సగం మంది ఒకే ఇంటిపేరు, వాళ్ళను ఏ నియమమూ ముట్టలేదు. ఎనిమిది మందిని చూసి వాళ్ళ కెప్టెన్ పాపం, "మేం గూడ ముగ్గుర్ని బయట కూసోబెడతం, సమానంగ ఆడుదం" అన్నాడు. రెఫరీ ఒప్పుకోలేదు. "ఎవరన్న అప్పీలు రాస్తే నా నెత్తి మీదికొస్తది" అని గ్రౌండు పక్కన బడి వరండాలో ఫైలు పట్టుకుని కూర్చున్న నావైపు చూశాడు. వరండా మొత్తం నావైపు చూసింది.

గోల్లో అన్న నిలబడ్డాడు. విచిత్రమేమిటంటే, పదకొండు మందితో సీజనంతా ఆడలేని ఆట ఆ ఎనిమిది మంది ఆడారు. అవతలి వాళ్ళు "పళ్ రే, పళ్!" (ఉరుకురా, ఉరుకు) అని మరాఠీలో అరుస్తూ మీదపడుతుంటే పొట్టలు, వీపులు అడ్డం పెట్టారు. అన్న ఒకటి చేత్తో, ఒకటి తలతో, రెండు అనుకోకుండా ఆపాడు. కట్ట గోలు వెనకాల గడ్డిలో కూర్చుని, "అన్నా, ఎడమకు! ముందుకు రాకు, ఆగు!" అని చెబుతుంటే రెఫరీ వచ్చి దూరంగా పంపేశాడు. అక్కడినుంచి అతను చేతులు మాత్రమే కదిపాడు. బంతి ఎటొస్తే అటు, గాలిలో, ఒంటరిగా. చివరి నిమిషాల్లో బంతి అన్న మోకాలికి తగిలి, తొందరేమీ లేనట్టు దొర్లుకుంటూ గీత దాటింది. అంత మెల్లగా వెళ్ళిన గోలును నేను మళ్ళీ చూడలేదు. వరండాలోంచి నేను లేచి వెళ్ళినా ఆపేదాన్నేమో.

చాచా గ్రౌండు మూలల జెండాలు పీకి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నా పక్కనుంచి వెళుతూ, "సోమవారం ఉత్త చేతుల్తోని పో బేటీ. ఇగ కాగితం లేదు" అన్నాడు. అంతే.

నేను ఏడవడానికి అనువైన మూల వెతుక్కుంటుంటే కట్ట వచ్చాడు. "చెల్లె, నీ కాగితం శాన మంచిగున్నదని సాబ్ అన్నడట గద. నాకు చదువు రాదు. ఒకసారి చదివి వినిపియ్యరాదు" అన్నాడు. వెక్కిరిస్తున్నాడేమోనని మొహం చూశాను. వెక్కిరింపు లేదు. ఫైల్లోంచి కార్బను కాపీ తీసి చదివాను. మొదటి పేజీ గొంతెత్తి చదివాను, అలవాటు కొద్దీ. నాలుగో పేజీకొచ్చేసరికి నాకే వినపడలేదు. అతను చేతులు కట్టుకుని ఆరు పేజీలూ విన్నాడు, ఒక్కచోట కూడా అడ్డం రాకుండా.

"కరెక్టే ఉన్నది చెల్లె" అన్నాడు చివరికి. "తప్పెక్కడ లేదు. నేను మీ ఊరోణ్ణి కాదు."

నాగిరెడ్డిపేట బస్సు హారన్ కొడుతుంటే పరుగెత్తాడు.

ఆ తర్వాత చాలా వాదించాను. కండక్టర్లతో, హెడ్మాస్టర్లతో, ఆడపడుచులతో, నన్ను కట్టుకున్న మనిషితో. దాదాపు అన్నీ గెలిచాను. ఆ రెండు పాయింట్లే లేకుంటే చివరి ఆట సమానం చేసుకున్నా జట్టు మునిగేదని, నిజానికి ఆదివారం మా వాళ్ళకు ఆ ఆశ ఇచ్చింది నేనేనని ఇప్పటికీ రుజువు చేయగలను. మొన్న మా అన్న దగ్గర మొదలుపెట్టాను కూడా. అతను మోకాలు నిమురుకుంటూ, "నువ్వు చెప్పేది కరెక్టే" అన్నాడు. నేను వెంటనే చాయ్ పెట్టడానికి లేచిపోయాను. వంటింట్లో నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళ ఆ పిల్ల ఇంకా వరండాలోనే కూర్చుని, ఎవరైనా 'నీది తప్పు' అంటారేమోనని ఆశగా ఎదురుచూస్తున్నట్టుంది. ఎవరూ అనరు. పాపం, దానికి అన్ని ఆధారాలూ ఉన్నాయి.