ఎలీసబెతవ్వ పిట్ల

మంచిర్యాల స్టేషను వెనక గుడిసెల్లో ఎవరు పోయినా, పిలవకుండానే ముందు చేరేది ఎలీసబెతవ్వ. చావింట పొయ్యి వెలగదు కనుక జొన్నరొట్టెలూ, శనగపిండిని కూరలా ఉడికించిన పిట్లా నెత్తిన పెట్టుకుని మరీ వచ్చేది. రైల్వే కూలికని మొగుడు ఆమెను మహారాష్ట్రలోని చాందా నుంచి తెచ్చాడు. అతను పోయాక తట్టలు మోసి కొడుకు ఏలియాను పెంచింది. ఊరు మారింది గానీ కారం వేసే చెయ్యి మారలేదు. ఆ పిట్ల తింటే ముక్కూ కళ్లూ ఏకమయ్యేవి. కూలీలను పీక్కుతిన్న మేస్త్రీ చచ్చినప్పుడు కూడా తిన్నవాళ్లంతా కళ్లొత్తుకున్నారు.

"జర మిరపకాయలు తగ్గియ్యవే అవ్వా, నా ఇజ్జత్ పోతుంది," అని ఏలియా మొత్తుకునేవాడు.

"ఉండనీ బాళా. ఎంత పాపిష్టోడైనా, సచ్చినోనికి నాలుగు కన్నీళ్లన్న రాలాలె గద," అనేది.

ఆమె పోయిన రోజు పక్కింటి లస్మవ్వ అన్నం, పప్పు తెచ్చింది.

"మీ అవ్వ లెక్క నాకు చాతగాదు కొడుకా. ఇది ఉత్త సప్పటి పప్పు," అంది భయపడుతూ.

ఏలియా ఒక్క ముద్ద తిని, ముక్కు ఎగబీల్చి, తలెత్తకుండానే అన్నాడు:

"కారం జర ఎక్కువైంది, సిన్నవ్వా."