గోడకి చెవి పెట్టే అత్తగారు

మా అత్తగారి పని గోడలకి చెవి పెట్టడం. ఇలా అంటే మా పుట్టింటివాళ్లు నా మీద జాలిపడతారు గానీ, ఆవిడ వినేది పొరుగింటి గుట్టు కాదు, తేనెటీగల రొద. గోడ వెనకో, మీటరు పెట్టెలోనో పట్టు పెట్టిన ఈగల్ని చంపకుండా తీసి, చెక్క పెట్టెలోకి మార్చి, ఊరవతల తోటలో దింపి వస్తారు. బండి నడిపేది నేను. తిట్లు తినేదీ నేనే.

ఈ మధ్య వంటింట్లో నేను గిన్నెలు ఎత్తి పడేసినా ఆవిడ పల్లెత్తు మాట అనడం లేదు. మంచితనం వచ్చేసిందని మురిసిపోయాను. తీరా చూస్తే వినపడటం లేదు. ఈ సంగతి మా ఆయనకు తెలిస్తే పొగడబ్బా, వల ముసుగూ అటకెక్కించేస్తారు. ఆ పని ఆవిడ ప్రాణం. పైగా అది లేకపోతే రోజంతా నన్నే దిద్దుతారు. అంచేత నోరు మెదపలేదు.

ఆ రోజు ఒక హోటలు మేనేజరు ఇంటికి వెళ్లాం. హాల్లో గోడ పొడవునా కొత్తగా చెక్క పలకలు కొట్టించాడు. కిటికీ పైమూల సందులోంచి ఈగలు వస్తూ పోతూ ఉన్నాయి.

“ఒక్క పలకే ఊడదీయనిస్తాను. దాని వెనక పట్టు లేదంటే మందు కొట్టించేస్తా,” అన్నాడు మేనేజరు.

మందు కొట్టేవాడు అప్పటికే పంపు పక్కన పెట్టుకుని వరండాలో టీ తాగుతున్నాడు.

“లోపల చాలా ఈగలు ఉంటాయంటారా?” అని అడిగాడు మేనేజరు.

“పంచదార తక్కువ వెయ్యమనండి,” అన్నారు మా అత్తగారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. “టీ సంగతండీ,” అని ఏదో సర్దిచెప్పాను.

అత్తగారు స్టీలు గ్లాసు మూతి గోడకి ఆనించి, అడుగుకి చెవి పెట్టారు. వేలెత్తి అందరి నోళ్లూ మూయించారు. ఫ్యాను ఆపమన్నారు. ఏసీ ఆపమన్నారు. మేనేజరు భార్య ఊపిరి బిగబట్టి నిలబడింది. అత్తగారు గ్లాసు జరుపుతూ, రెండో చేత్తో చెక్కని నిమురుతూ నడిచి, కిటికీకి బాగా దూరంగా సోఫా వెనక ఆగారు.

“ఈ పలకే. తియ్యండి.”

నేను ఆవిడ చెంగు పట్టుకు లాగాను. “అత్తయ్యా, ఈగలు వస్తున్నది అటు కదా!”

ఆవిడకి మాట వినపడలేదు గానీ నా ముఖం కనపడింది. “నువ్వు నోరు మూసుకుని పొగడబ్బా అందుకో.”

మేనేజరు మేకులు పీకాడు. పలక ఊడేసరికి వెనక వరసలు వరసలుగా పట్టు! మందువాడు పంపు భుజాన వేసుకుని, ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

అత్తగారు పొగ ఊది, పిల్ల ఈగలున్న పట్టు ముక్కల్ని కోసి, చట్రాలకి నూలు దారంతో కట్టి పెట్టెలో దింపడం మొదలుపెట్టారు. నేను ఆగలేక చెవి దగ్గర అరిచాను. “మీకు వినపడదుగా! ఎలా కనిపెట్టారు?”

ఆవిడ చురచురా చూసి, నా చెయ్యి లాగి పక్క పలకకి ఆనించారు. వెచ్చగా ఉంది.

“పిల్లల్ని పెంచే చోటు వెచ్చగా ఉంచుకుంటాయే. ఫ్యాను గాలికి అది తెలీదు, అందుకే ఆపించా.”

“మరి గ్లాసెందుకు?”

“ఉత్తినే గోడ నిమురుతూ తిరిగితే పిచ్చిదనుకోరూ?”

ఇంత నాటకమా! నవ్వాలో పోట్లాడాలో తెలియలేదు.

చివరికి రాణి ఈగ దొరికింది. దాన్ని పెట్టెలోకి వదలగానే మిగతావన్నీ పెట్టె గుమ్మం దగ్గర తోకలెత్తి, రెక్కలు ఆడిస్తూ బారులు తీరి లోపలికి నడిచాయి. హాలంతా రొద నిండిపోయింది. అత్తగారు కదలకుండా వాటినే చూస్తూ కూర్చున్నారు.

“ఎలా ఉందే చప్పుడు?” అన్నారు మెల్లగా.

జాలి చూపిస్తే ఆవిడ ఊరుకునే రకం కాదు.

“నేను ఆలస్యంగా లేచిన రోజు మీరు వంటింట్లో సణుగుతారే, అచ్చం అలాగే ఉంది,” అన్నాను.

అత్తగారు ముసుగు వెనక్కి నెట్టి, చెవి నా నోటి దగ్గర పెట్టారు.

“మళ్లీ చెప్పు. గట్టిగా.”