హుక్కు తీసి గంగలోకి

జూన్ మొదటి వారంలో బహ్రెయిన్‌లో దిగాను. సీఫ్ అనే పేటలో కడుతున్న ఒక టవర్ గేటు దగ్గర వాచ్‌మన్ డ్యూటీ, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు. చదును నేల, తెల్లటి దుమ్ము, పదకొండు గంటలకే నలభై రెండు డిగ్రీలు. ఇచ్చిన సామాన్: ఒక వాకీటాకీ, ఒక టార్చి, రెండు నీలం చొక్కాలు. అంతకు ముందు పదిహేడేళ్లు సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేశాను. కొండ నదుల్లో పడవ నడపడం నా పని. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు.

రెండో వేసవిలో స్కాఫోల్డింగ్, అంటే పరంజా, కట్టే ఆరుగురు, అందరూ నిజామాబాద్ వైపు వాళ్లు, ఒక ఆలోచన చేశారు. అక్టోబరు సెలవుకు ఢిల్లీలో దిగి, రిషికేశ్‌లో గంగ మీద రాఫ్టింగ్ చేసి ఇంటికి పోవాలని. ప్లాన్ రాసింది సేఫ్టీ ఆఫీసర్. రిఫా ఊళ్లో ఫ్లాటు, సొంత కారు ఉన్న మనిషి. తానూ వస్తానన్నాడు. కాగితం గేటు పక్కనే అంటించాడు. ఐదో లైను: అందరూ సేఫ్టీ బెల్టు పెట్టుకోవాలి, హుక్కు పడవ తాడుకు తగిలించాలి.

ఆయన్ని వాకీటాకీలో పిలిచాను.

"సార్, మనిషిని పడవకు కట్టొద్దు. బోల్తా పడితే కింద ఇరుక్కుంటడు."

"గేటు దగ్గరుండేవాడివి గేటు చూసుకో. వాచ్‌మన్‌కి నదితో పనేంటయ్యా? ప్లాన్ మాకొదిలెయ్."

సైటంతా ఒకటే ఛానెల్. క్రేన్ ఆపరేటర్ నవ్వు నాకు వినబడింది. "ఖలాస్, హవల్దార్ సాబ్!" అన్నాడు, గేటు మనిషికి వెక్కిరింతగా, ఇక చాలించమని. అప్పుడు టైము తొమ్మిదీ నలభై. వాచ్‌మన్‌కి నదితో పనేంటన్న ఆ మాట మరిచిపోలేదు. మరిచిపోను.

భోజనం వేళ ఆ ఆరుగురిలో ఒకడైన ఫోర్‌మన్‌ని గేటు నీడలో కూర్చోబెట్టాను.

"హుక్కు లేకుండ ఎట్ల సాబ్? పద్నాలుగేండ్ల సంది హుక్కు తగిలిచ్చినంకనే అడుగేస్తున్న. పైన ఇడిస్తె సస్తం."

"పైన ఇడిస్తె సస్తవ్. నీళ్లల్ల ఇడువకుంటె సస్తవ్."

"గంగ కాడ గైడు వద్దన్నా సరే, జాకెట్ కింద దాసి తగిలిస్తం."

అప్పుడు భయం వేసింది. కాగితం మీది తప్పయితే కొట్టివేయవచ్చు. ఇది వాళ్ల చేతుల అలవాటులో ఉంది.

ఆ వచ్చిన శుక్రవారం ఉదయం ఏడింటికి సముద్రం ఒడ్డున చేరాం, సేఫ్టీ ఆఫీసర్ కూడా వచ్చాడు. పడవ బదులు నాలుగు లారీ ట్యూబులు, పైన ప్లైవుడ్, చుట్టూ తాడు. రొమ్ములోతు నీళ్లు, గాలి లేదు. బెల్టు నేను పెట్టుకున్నాను. హుక్కు తాడుకు తగిలించి పైకెక్కాను.

"యల్లా, బోల్తా కొట్టండి."

కొట్టారు. ప్లైవుడ్ నా మీద పడింది. తాడు బిగుసుకుంది. రెండు చేతులతో లాగినా హుక్కు ఊడలేదు. వాళ్లు నా కాళ్లు పట్టి గుంజారు, ఇంకా బిగిసింది. ఇరవై ఆరు దాకా లెక్కపెట్టాను. చివరికి ఫోర్‌మన్ ట్యూబును భుజం మీదికి ఎత్తాడు, నా తల బయటపడింది.

"పిచ్చి లేసిందా సాబ్ నీకు? పిల్లలున్నోనివి!"

తిడుతూనే తన బెల్టు విప్పి ఒడ్డుకు విసిరాడు. మిగతా ఐదుగురూ విప్పారు. బూట్లు చేత్తో పట్టుకుని ఒడ్డున నిలబడ్డ సేఫ్టీ ఆఫీసర్ "కాస్త అతి చేశావు" అన్నాడు.

మర్నాడు ఐదో లైను కొట్టివేసి ఉంది. క్షమించమన్న మాట లేదు. నాయకుడిగా ఆయన పేరు, అన్నిటికన్నా కింద నా పేరు, పక్కన "సహాయం". ఆ కాగితం నా దగ్గరే ఉంది.

ఆ తర్వాత ఎనిమిది శుక్రవారాలు అదే ఒడ్డున డ్రిల్లు. పడితే వెల్లకిలా తిరుగు. కాళ్లు ముందుకు చాపు. లేచి నిలబడకు. దేన్నీ పట్టుకోకు.

అక్టోబరులో నా కాంట్రాక్టు కూడా ముగిసింది. వాళ్లతో, సేఫ్టీ ఆఫీసర్‌తో కలిసే గంగలో దిగాను. ఎముకలు కొరికే చల్లటి నీళ్లు. నీళ్లు ఉరవడిగా దూకే మూడో చోట అల పడవ ముందు భాగాన్ని ఎత్తి కొట్టింది. ఫోర్‌మన్ నీళ్లలో పడ్డాడు. నలభై మీటర్ల దిగువన అతణ్ణి పైకి లాగాం. నాలుగో రోజున ఆరుగురూ వాళ్ల వాళ్ల ఇళ్లకు చేరారు. నేను కరీంనగర్‌లో బస్సు దిగాను. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా, వాళ్లను చేర్చింది నేను.

ఆ నీళ్లలో చూసింది మాత్రం ఇప్పటికీ నన్ను వదలదు. ఫోర్‌మన్ కుడి చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది. అక్కడ తడిమింది. ఏమీ దొరకలేదు. ఒక్క క్షణం ఆగింది. తర్వాత వేళ్లన్నీ విప్పుకుని, ఆ చెయ్యి నీటి మీద తేలింది.