శుక్రవారం పలికిన పేరు

కాజీపేట రైల్వే క్వార్టర్ల వెనక సందులో ప్రేమలతమ్మ తెలియని ఇల్లు లేదు. భర్త రైల్వేలో ఫిట్టరుగా చేస్తూ పోయాడు. పిల్లల్లేరు. చర్చి వాళ్ళతో కలిసి జైలుకు పోయి రావడం ఆమెకు పదహారేళ్ళ అలవాటు. వరంగల్ జైలు ఉన్నన్నాళ్ళూ ఆటోలో వెళ్ళేది, అది తీసేశాక రైలెక్కి ఖమ్మం వెళ్తోంది.

ఆమెకు పాట రాదు, బైబిలు వాక్యం చెప్పడం రాదు. ఒక నోటుబుక్కు మాత్రం పట్టుకుపోతుంది. "నా పేరు రాస్కో పెద్దమ్మా", "మా అవ్వకు పానం బాగలేదు, ఆమెది గూడ రాయి" అంటూ ఖైదీలు చుట్టూ మూగుతారు. తెల్లవారుజామున మోకాళ్ళూని ఆ పేర్లన్నీ ఒక్కటీ వదలకుండా పైకి చదువుతుంది. తమ పేరు ఎవరో ఒకరి నోట పలుకుతోందంటేనే వాళ్ళకు వారమంతా కడుపు నిండినట్టుండేది.

భానుచందర్ పేరు ఆ బుక్కులో మూడేళ్ళుంది. బండ్ల దొంగతనం కేసు. విడుదలయ్యాక అతనికి పోను ఇల్లు లేదు. "మాకు కావాల్సిన పిలగాడు" అని మాత్రం చెప్పి, సుబేదారిలో కొమురెల్లి టిఫిన్ సెంటర్లో పనికి కుదిర్చింది ఆమే.

"పెద్దమ్మా, జైలు ముచ్చట ఎవ్వలకు చెప్పకు" అన్నాడు భానుచందర్.

"చెప్తనా బిడ్డా!" అంది.

అప్పటినుంచి అతను రోజూ సాయంత్రం రెండిడ్లీలు ఒక డబ్బాలో పెట్టి ఆమె గేటుకు తగిలించి పోయేవాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరమ్మ, "ప్రార్థన అంశాలేమన్న ఉన్నయా అక్కలూ?" అని అడిగింది. ఒకామె మోకాళ్ళ నొప్పి చెప్పుకుంది. ఒకామె కూతురి పరీక్షలు చెప్పుకుంది. ప్రేమలతమ్మ నిండు మనసుతో లేచింది.

"జైల్ల మూడేండ్లుండి వచ్చిన పిలగాడు, భానుచందరని. నేనే కొమురెల్లి హోటల్ల పెట్టిచ్చిన. మంచిగ చేస్తాండు. మళ్ళ పాత దోస్తుల దిక్కు పోకుండ ప్రార్థన చెయ్యుండ్రి."

"ఎంత మంచి పని చేసినవక్కా!" అని కళ్ళొత్తుకున్నారు అందరూ. దేవుని ముందు చెప్పడం చెప్పడం కిందికి రాదనుకుందామె.

ఆ ప్రార్థనలో ఉన్న బక్కమ్మ మంగళవారం, జ్వరంతో ఉన్న భర్తకు ఇడ్లీలు తేవడానికి ఆ హోటలుకే వెళ్ళింది. తాను నాలుగు రోజులుగా ప్రార్థనలో తలుస్తున్న పేరును కొమురెల్లి కేకేసి పిలవడం, చట్నీ పోస్తున్న పిలగాడు పలకడం చూసేసరికి ఆమె గుండె కరిగింది. "జైలు నుంచి వచ్చినోన్ని దగ్గరికి తీసినవన్నా, దేవుడు నిన్ను సల్లగ సూస్తడు" అంది కొమురెల్లితో. నిజంగా మెచ్చుకునే అంది. కొమురెల్లి చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ సాయంత్రం గేటుకు డబ్బా వేలాడుతోంది. తెరిస్తే ఖాళీ. శుభ్రంగా కడిగి ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆమె హోటలుకు పరుగెత్తింది.

"పిలగాడు మంచోడే అక్కా" అన్నాడు కొమురెల్లి. "గని గల్లాపెట్టె కాడ నా బిడ్డ కూసుంటది, అందుకే ఇగ రావద్దన్న. నువ్వు ముందుగాల్నే చెప్తే ఆలోచిస్తుంటి. గిరాకికి వచ్చినోల్లు చెప్తె ఇనాల్నా? కూసో, జర తిని పో."

వేడి ఇడ్లీ పెట్టాడు. ఆమె ప్లేటు పక్కకు జరిపింది. శుక్రవారం తానన్న 'నేనే పెట్టిచ్చిన' అనే మాట ఆమెకు మళ్ళీ చెవిన పడింది. ఎవరు పెట్టించారో దేవునికి తెలియదా? ఆ మాట ఎవరి కోసం అన్నట్టు?

వెతగ్గా వెతగ్గా భానుచందర్ గురువారం సాయంత్రం గూడ్స్ షెడ్డులో దొరికాడు. సిమెంటు సంచులు దించుతున్నాడు. కనుబొమ్మలు తెల్లబడి ముసలివాడిలా ఉన్నాడు.

"నా వల్లనే బిడ్డా. నన్ను మాఫ్ చెయ్యి."

"ఎవరో బక్కమ్మంట గద చెప్పింది?"

"బక్కమ్మకు చెప్పింది నేను. ప్రార్థనల చెప్పిన."

అతను నవ్వాడు. "ఎవ్వలకు చెప్పకంటె చర్చి మొత్తానికి చెప్పినవా! పేపర్ల ఎయ్యకపోయినవ్ పెద్దమ్మా!"

ఆమెకు ఏడుపొచ్చింది. అతను భుజం మీది తువాలు దులిపి సంచి మీద పరిచాడు, కూర్చోమని.

"పాత దోస్తులు వచ్చిండ్రా?"

"రెండుమాట్ల వచ్చిండ్రు."

"పోయినవా?"

"ఇంకా పోలే."

ఆ 'ఇంకా' విని ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"కోపమున్నదా నా మీద?"

"ఉన్నది" అన్నాడు దాచకుండా. "ఒక్కటి చెయ్యి. నా గురించి ప్రార్థన చేస్తే పెదవి కదలకుండ చెయ్యి."

లోపలున్నవాడు తన పేరు ఎవరైనా పలకాలని ఆశపడతాడు. బయటికొచ్చినవాడు ఎవరూ పలకకూడదని. పదహారేళ్ళు పేర్లు రాసిన మనిషికి ఆ రోజే అది తెలిసింది.

శుక్రవారం మళ్ళీ వచ్చింది. బక్కమ్మ ఆపేక్షగా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆ పిలగాడెట్లున్నడు? ఈసారి గూడ ప్రార్థనల పెడ్దామా?"

జరిగింది చెబితే ఆ పేరు మళ్ళీ నలుగురి నోళ్ళలో పడుతుంది. తన తప్పు ఒప్పుకునే దారి కూడా లేదు.

"నా గురించి చెయ్యుండ్రి."

"దేనికక్కా, మోకాళ్ళకా?"

"నోటికి" అంది ప్రేమలతమ్మ.

అందరూ ఫక్కున నవ్వారు. ఆమె తల దించుకుంది.

ఇప్పుడు రోజూ అదే డబ్బాలో ఉప్మా పెట్టుకుని గూడ్స్ షెడ్డుకు నడుస్తుంది. దారి పొడవునా పెదవులు కదలవు. సంచుల మధ్య ఆ తెల్లటి కనుబొమ్మలు కనబడేదాకా ఆమెకు ప్రాణం కుదుటపడదు.